సమస్యాపూరణం: "నీళ్ళు మరిగి మరిగి నెయ్యి యయ్యె"

నిర్వాహకుడు: మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం, దానికి ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ అక్షరం) నీ–నె. వస్తువు, ఇంట్లో కూరగాయలు ఉడికించి మెదిపి చేసుకునే సూప్. నీళ్ళు మరిగితే ఆవిరవుతాయి కానీ నెయ్యి కావు. ఆ చిక్కు విప్పాలి. కార్న్‌ఫ్లోర్, క్రీమ్ జోలికి పోవద్దు. చిక్కదనం కూరగాయదో, పప్పుదో కావాలి.

పద్యాభిమాని:

కోసి యుల్లి ముక్క గుమ్మడికాయతో
చిన్నమంట మీదఁ జేర్చి కాచి
మెత్తగాను రుబ్బ మిక్సిలో నొక్కటై
నీళ్ళు మరిగి మరిగి నెయ్యి యయ్యె

నిర్వాహకుడు: గణాలు (పాదంలో అక్షరాల కొలతలు), యతులు సరిపోయాయి. కానీ నెయ్యి ఎందుకయిందో పద్యం చెప్పలేదు. వంట చెప్పి, చివర సమస్యను అతికించినట్టుంది. 'మెత్తగాను'లో 'ను' కేవలం గణం కోసం వచ్చింది. పండిన గుమ్మడి రంగే నెయ్యి రంగు కదా, ఆ మాట ఎక్కడ?

వంటింటి పంతులమ్మ: నాది వేరే అభ్యంతరం. వేడి వేడి సూప్‌ని మూత బిగించి మిక్సీలో తిప్పితే ఆవిరి మూతను ఎగదన్నుతుంది. మా ఇంట్లో అలాగే చెయ్యి కాలింది. చల్లారాక తిప్పాలి, లేదా గిన్నెలోనే పప్పుగుత్తితో మెదపాలి. అరకిలో గుమ్మడికి రెండు గ్లాసుల నీళ్ళు చాలు. ముందే ఎక్కువ పోస్తే చిక్కబడడానికి చాలాసేపు మరగాలి.

పద్యాభిమాని: గురువుగారికి, పంతులమ్మగారికి నమస్కారం. మూడో పాదం మార్చాను:

మెదిపి చూడ రంగు మెరుపుతో చిక్కనై

నిర్వాహకుడు: ఇప్పుడు నెయ్యికి రంగూ చిక్కదనమూ రెండూ కుదిరాయి. పప్పుగుత్తి కూడా పద్యంలోకి వచ్చేసింది. అభినందనలు.

గోదావరి పిల్ల:

పోపు కొఱకు వెన్న పొయ్యిపై పెట్టఁగా
చిటపటలను చేసి చిన్నబోయి
అందు దాగియున్న వావిరై వెడలెను
నీళ్ళు, మరిగి మరిగి నెయ్యి యయ్యె

నిర్వాహకుడు: ఎంత చక్కటి విరుపు! 'నీళ్ళు' దగ్గర వాక్యం ఆగిపోయింది, మరిగి నెయ్యి అయింది వెన్న. ప్యాకెట్ వెన్నలో 100 గ్రాములకు 16 గ్రాముల దాకా నీరే ఉంటుంది. చిటపటలు ఆ నీటివే. అవి ఆగాయంటే నెయ్యి దగ్గరపడినట్టు. 'చిన్నబోయి' అన్న మాట అక్కడ ఎంతో అందంగా ఒదిగింది. లోటు ఒక్కటే: సూప్ పద్యంలో ఎక్కడా లేదు.

గోదావరి పిల్ల: 'సూపు కొఱకు' అని మొదలుపెట్టి చూశానండీ, 'పొయ్యి'తో యతి కుదరలేదు. సూప్ మీద జీలకర్ర పోపు అనుకుని రాశాను.

నిర్వాహకుడు: అయితే అలాగే ఉంచండి. యతి కోసం 'పొయ్యి'ని వదులుకుంటే పద్యం చల్లబడుతుంది.

సొరపాదు:

పళ్ళు రాలినట్టి బామ్మకై సొరకాయ
పెసరపప్పు తోడఁ బెట్టి వండ
కమ్మగుందటంచుఁ గన్నుల నవ్వెను
నీళ్ళు మరిగి మరిగి నెయ్యి యయ్యె

పద్యాభిమాని: సొరకాయలో నూటికి 95 పాళ్ళు నీరే. అది ఎలా చిక్కబడుతుందండీ?

సొరపాదు: చిక్కదనం పెసరపప్పుది. చిన్న సొరకాయకు రెండు చెంచాల పప్పు వేస్తాను. ఉడికాక పప్పు విచ్చి నీటిని పట్టుకుంటుంది.

వంటింటి పంతులమ్మ: పప్పు చిక్కదనమే కదా, నిర్వాహకుల షరతు దాటలేదు.

నిర్వాహకుడు: ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ఇక్కడ నీళ్ళు గిన్నెలో నెయ్యి కాలేదు, బామ్మగారి నాలుక మీద అయ్యాయి. ఎక్కడా పోలిక చెప్పకుండానే చిక్కు విడిపోయింది. 'కన్నుల నవ్వెను' చదివి కాసేపు ఆగిపోయాను. పళ్ళు లేని నోటికి మిగిలిన నవ్వు అదే కదా.

గోదావరి పిల్ల: గింజలు తీసెయ్యాలా అండీ? మా అమ్మమ్మకీ చేద్దామని.

సొరపాదు: లేత కాయ అయితే గింజలు కూడా మెదిగిపోతాయి. ముదిరితే తీసెయ్యాలి. నేను మాత్రం ఎలాంటి కాయైనా జల్లెడలో ఒత్తే ఇస్తాను. పీచు గొంతుకు అడ్డం పడుతుందంటుంది మా బామ్మ.