ఇంటర్ తర్వాత ఐదేళ్ళ మేనేజ్‌మెంట్ కోర్సు: కాకినాడ చాలా, బోధ్‌గయ పంపాలా, ఢిల్లీకేనా?

చెరువుగట్టు (భీమవరం):
మా అమ్మాయి ఎంఈసీ అయిపోయింది. ఇండోర్ ఐఐఎం వాళ్ళ ఐపీమ్యాట్, బోధ్‌గయ-జమ్ము ఐఐఎంల జిప్‌మ్యాట్, కేంద్ర యూనివర్సిటీల సీయూఈటీ, మూడు ప్రవేశ పరీక్షలూ రాసింది. చేతిలో ఉన్నవి మూడు దారులు. కాకినాడ ఐఐఎఫ్‌టీలో (విదేశీ వాణిజ్యం చదువు చెప్పే కేంద్ర సంస్థ) డిగ్రీ, ఎంబీఏ కలిపిన ఐదేళ్ళ కోర్సు, బోధ్‌గయ ఐఐఎంలో అలాంటి ఐదేళ్ళ కోర్సే, లేదంటే ఢిల్లీ యూనివర్సిటీలో బీఎంఎస్ (మేనేజ్‌మెంట్ డిగ్రీ) చేసి తర్వాత ఐఐఎంలలో ఎంబీఏ కోసం క్యాట్ పరీక్ష. మాది రొయ్యల వ్యాపారం. వాళ్ళమ్మ కాకినాడ అంటుంది, పిల్ల ఢిల్లీ అంటుంది, నాకేమో ఐఐఎం పేరు వదులుకోబుద్ధి కావట్లేదు. మా బావమరిది అయితే "ఇవన్నీ ఎందుకు బావా, హైదరాబాద్‌లో ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చెయ్" అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు పోరడు:
అన్నా, ఇండ్ల ఆలోచించుడు ఏముంది? ఐఐఎం అంటే ఐఐఎమ్మే. 2017 ఐఐఎం చట్టం వచ్చినంక డిప్లొమా కాదు, డిగ్రీనే ఇస్తున్నరు. దూరమంటవా, పొట్టకూటికి దుబాయ్ పోయినోళ్ళం మనం, గయ ఎంత? బిడ్డను పంపు.

క్యాంపస్ పెద్దాయన:
తమ్ముడూ, కొంచెం ఆగు. ఒక ప్రైవేటు బ్యాంకు తరఫున ఉద్యోగాలివ్వడానికి దేశమంతా క్యాంపస్‌లు తిరిగినవాణ్ణి. ఐఐఎం అన్న మూడక్షరాలూ ఒకటే గానీ, కంపెనీ జాబితాలో అన్నీ ఒక్క వరసలో ఉండవు. కలకత్తా, అహ్మదాబాద్ 1961వి, బెంగుళూరు 1973ది. వాటి పాత విద్యార్థులే ఇవాళ కంపెనీల్లో మనిషిని తీసుకునే కుర్చీలో కూర్చుంటారు. బోధ్‌గయ, విశాఖ లాంటివి 2015లో పుట్టాయి.

చెరువుగట్టు గారూ, మీరు అసలు చూడాల్సింది ఇంకోటి. బోధ్‌గయ, జమ్ముల్లో ఈ ఐదేళ్ళ కోర్సు మొదలైంది 2021లో. మొదటి బ్యాచ్‌కి ఐదేళ్ళు నిండేది 2026లో. కాకినాడలో మొదలైంది 2022లో, అంటే మొదటి బ్యాచ్ 2027. బ్రోషర్లో సగటు జీతం అని అచ్చువేసే అంకె ఎక్కువగా రెండేళ్ళ ఎంబీఏ వాళ్ళది. వాళ్ళలో ఇంజినీరింగ్ చేసి, రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు ఉంటారు. మీ అమ్మాయి నాలుగో ఏడు వాళ్ళ పక్కనే కూర్చుంటుంది, కానీ చేతిలో అనుభవం ఉండదు. ఆ అంకె చూసి లెక్క వేసుకోకండి. ఇండోర్‌లో ఈ కోర్సు 2011 నుంచి ఉంది, దాని సంగతి వేరు.

సీమక్క:
ప్రైవేటు గురించి ఒక మాట. హైదరాబాద్ క్యాంపస్ అని పేరుంటుంది, బస్సు దిగేది జడ్చర్లలో. ముంబై పేరున్న ఒక యూనివర్సిటీది అదే కథ. చెడ్డ కాలేజీ అనడంలేదు నేను, హైదరాబాద్‌లో ఉంటే కంపెనీలు పక్కనే అనే లెక్క అక్కడ చెల్లదు, అంతే. మీ బావమరిదికి మ్యాప్ చూపించండి.

ఇంకొకటి, సీట్ల విషయం. మన రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం ఓబీసీ జాబితాలో ఉంటారని లేదు. జిప్‌మ్యాట్‌కి, సీయూఈటీకి పనికొచ్చేది కేంద్రం నమూనాలో ఇచ్చిన సర్టిఫికెట్టే. కౌన్సెలింగ్ రోజు మీసేవ చుట్టూ తిరిగి లాభంలేదు.

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేమి? 2024 నవంబర్‌లో పీఎం విద్యాలక్ష్మి అని చదువు అప్పుల పథకం వచ్చింది. జాబితాలో ఉన్న విద్యాసంస్థ అయితే తాకట్టు లేకుండా అప్పు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకులోనే అడగండి, ఏజెంటుని కాదు.

నార్త్ క్యాంపస్ తెలుగమ్మాయి:
అంకుల్, నేను ఢిల్లీలో మూడో ఏడు. ఫీజు వేలల్లోనే. కానీ హాస్టల్ అందరికీ దొరకదు, కమలానగర్ వైపు పీజీ (పేయింగ్ గెస్ట్) గది అద్దె ఫీజుని మించిపోతుంది, ఆ లెక్క కూడా వేసుకోండి. ఇక్కడ లాభం ఏంటంటే మొదటి ఏడు నుంచే స్టూడెంట్ సొసైటీలు, కేసు పోటీలు (ఒక కంపెనీ సమస్య ఇచ్చి పరిష్కారం చెప్పమంటారు), మధ్యాహ్నం క్లాసు అయ్యాక మెట్రో ఎక్కి చేసే ఇంటర్న్‌షిప్. అవి గయలో ఉండి చేయలేరు, అక్కడ దొరికేవి ఆన్‌లైన్‌వే. నష్టం ఏంటంటే మూడేళ్ళయ్యాక క్యాట్ రాయాలి, వస్తుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి సెమిస్టర్ ఏడుపే.

ఓరుగల్లు పోరడు:
గ్యారంటీ లేదని నువ్వే అంటున్నవ్ చెల్లె. చేతికొచ్చిన సీటు వదిలి లేని సీటు కోసం ఉరుకుడు ఎందుకు? అక్కడ ఐదేళ్ళకు ఎంబీఏ చేతిల ఉంటది.

గుమాస్తా కొడుకు (కాకినాడ):
మా ఊరిని ఎవరూ పట్టించుకోవట్లేదుగా! బాసుమతి కాని బియ్యం ఎగుమతిలో కాకినాడ రేవుది పెద్ద చెయ్యి. ఐఐఎఫ్‌టీ కేంద్ర వాణిజ్య శాఖ కింద 1963 నుంచి ఉన్న సంస్థ, ఎగుమతి దిగుమతులే దాని అసలు చదువు. ఇక్కడ జేఎన్‌టీయూ ప్రాంగణంలో మొదలైంది. రొయ్యల ఇంటి పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి? 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేసినప్పుడు మీ దగ్గర రొయ్యల కౌంటు ధరలు ఏమయ్యాయో మీకు నేను చెప్పాలా? ఆ రోజు ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పిందే వేదం అయింది రైతుకి. ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) ఎలా తెరుస్తారు, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం ఎలా లెక్కగడతారు, యూరప్‌లో యాంటీబయాటిక్ పరీక్షలో కంటైనర్ ఎందుకు తిప్పి పంపుతారు, ఇవన్నీ తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుంటే చాలదా!

చెరువుగట్టు (భీమవరం):
నిజమేనండి, ఆ నెల ఎవరికీ నిద్రలేదు. కాకపోతే పిల్ల కన్సల్టింగ్ (కంపెనీలకి సలహాలిచ్చే ఉద్యోగం) అంటుంది. చెరువుల జోలికి రానంటుంది.

క్యాంపస్ పెద్దాయన:
అయితే సగం గొడవ తీరినట్టే. కాకినాడ మంచిదే, కానీ "మన వ్యాపారానికి పనికొస్తుంది" అన్నది మీ కారణం, ఆమెది కాదు. కన్సల్టింగ్ కంపెనీలు మనిషిని తీసుకునేటప్పుడు ఊరు చూడవు. ఇంటర్ దాకా మార్కులు, డిగ్రీ మార్కులు, కాలేజీ పేరు, చేసిన పని చూస్తాయి. ఆ దారిలో ఢిల్లీ డిగ్రీ, తర్వాత పాత ఐఐఎం అనేది బలమైన వరస, క్యాట్ రిస్కుతో సహా. బోధ్‌గయ ఐదేళ్ళు పూర్తిచేసిన పిల్ల మళ్ళీ క్యాట్ రాయడానికి మనసొప్పదు, ఎంబీఏ అప్పటికే చేతిలో ఉంటుంది కాబట్టి. పోరడు తమ్ముడు లాభం అంటున్నది నాకు నష్టంలా కనిపిస్తోంది. ఇరవై మూడేళ్ళకే తలుపు మూసేసుకున్నట్టు.

సీమక్క:
మూడేళ్ళకే బీబీఏ పట్టా తీసుకుని బయటికొచ్చే వీలు ఈ కోర్సుల్లో ఉంటుంది కదా సార్. అలా వచ్చి క్యాట్ రాయచ్చు.

క్యాంపస్ పెద్దాయన:
ఉంటుందమ్మా. కానీ అందుకు ఐఐఎం ఫీజు మూడేళ్ళు కట్టాలి, అలాంటి డిగ్రీయే ఢిల్లీలో పదో వంతుకో అంతకు తక్కువకో వస్తుంది. కాకినాడలో చేరితే మాత్రం ఈ వీలు అక్కరకొస్తుంది. ఇంటికి మూడు గంటల దారి, మూడేళ్ళు చూసి నచ్చకపోతే బయటపడచ్చు. సీటుకి డబ్బు కట్టేముందు కాకినాడ ఆఫీసుని రెండు ప్రశ్నలు అడగండి: నాలుగో ఏడాదికి వెళ్ళడానికి కనీస గ్రేడు ఎంత, ప్లేస్‌మెంట్లు ఐఐఎఫ్‌టీ ఢిల్లీ క్యాంపస్‌తో కలిపా, విడిగానా. రెండోదానికి సమాధానం నోటిమాటగా కాదు, మెయిల్లో తీసుకోండి.

ఓరుగల్లు పోరడు:
నేనింకా ఐఐఎం అనే అంటున్న. పేరుకు పేరే. మీ లెక్కలు మీవి.

చెరువుగట్టు (భీమవరం):
బోధ్‌గయ తీసేశాం తమ్ముడూ, నీకు కోపం రాకూడదు. ఈ చర్చంతా పిల్లకి చూపించాను, చదివి "నాన్నా, పెద్దాయన గారి మెయిల్ ప్రశ్నలు నేనే పంపిస్తా" అంది. ఢిల్లీ రెండో విడత సీట్ల జాబితా వచ్చేలోగా కాకినాడ వాళ్ళ జవాబు వస్తే ఇక్కడే పెడతాను. కమలానగర్ అమ్మాయీ, పీజీ అద్దె నెలకి ఎంత పడుతుందో చెప్పమ్మా, భోజనంతో కలిపి.