అటక మీది హీటరు: రాగి జాయింటు కారుతోంది, పైనుంచే మాటు వేయొచ్చా?

అటకమీదిపిల్లి:
డాలస్ పక్కన ఇల్లు. ఇక్కడివాళ్ళకి తెలిసిందే, హీటరు అటకెక్కి కూర్చుంటుంది. 50 గ్యాలన్లది, గ్యాసుది. చన్నీళ్ళు దిగే ముప్పావించి రాగి పైపుకి పైన గేటు వాల్వు, దాని తర్వాత ఎల్బో, అక్కణ్ణుంచి అర అడుగు కిందికి ట్యాంకు నిపుల్ (ట్యాంకు నెత్తిన మరలున్న పొట్టి గొట్టం). ఎల్బో కింది అంచున పచ్చగా చిలుము, పావు నిమిషానికో చుక్క. కింద పళ్ళెం ఉంది కాబట్టి సీలింగు ఇంకా తడవలేదు. అడిగేవి మూడు. విప్పకుండా పైనుంచే కాస్త టంకం కరిగిస్తే ఆగుతుందా? ట్యాంకంతా ఖాళీ చేయాలా? హీటరుకి పన్నెండేళ్ళు నిండాయి, అసలు దీని మీద ఖర్చు దండగా?

ముప్పావించి:
ఆగదు. బిందెకి మాటు వేసినట్టు పైన ముద్ద పెట్టే పని కాదిది. పైపుకీ ఎల్బో కప్పుకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, టంకం అందులోకి తనంతట తనే పాకాలి. ఇప్పుడా సందులో నీళ్ళు, చిలుము. లోపల తడి ఉన్నంతసేపూ ఆ రాగి 100 డిగ్రీల దగ్గరే మొరాయిస్తుంది. సీసం లేని 95/5 టంకం కరగడం మొదలయ్యేదే 230 దాటాక. నీళ్ళున్న గిన్నె మాడుతుందా ఎక్కడైనా? పైన వెండిలా మెరిసే ముద్ద ఒకటి మిగులుతుంది, నాలుగు రోజులకి దాని పక్కనుంచే చుక్క. కోసేసి కొత్త ఎల్బో వేయండి.

నొక్కితేచాలు:
అటకలో చెక్క, దూది లాంటి ఇన్సులేషను, గ్యాసు లైను. అక్కడ టార్చి వెలిగించమని సలహా ఇస్తున్నారా మాస్టారూ? షార్క్‌బైట్ ఎల్బో (టంకం లేకుండా నొక్కితే పైపుని పట్టుకునేది) కొనండి, రెండు చివర్లూ నొక్కండి, అయిపోయింది. 200 ఫారన్‌హీట్ వేడి, 200 పీఎస్ఐ ఒత్తిడి దాకా రేటింగు ఉంది. హీటరు మీదున్న రిలీఫ్ వాల్వే 150 పీఎస్ఐకి తెరుచుకుంటుంది, ఇంకేం భయం?

ముప్పావించి:
లోపలుండేది రబ్బరు రింగు. టంకానికి రబ్బరు సాటా?

నొక్కితేచాలు:
మీ ట్యాపుల్లో, వాషింగ్ మెషీన్ గొట్టాల్లో ఉన్నది ఏమిటి, బంగారమా? రబ్బరు అనేసి కొట్టిపారేయకండి. అది కారేది రబ్బరు వల్ల కాదు, వేసేవాడి వల్ల. పైపు వంకరగా కోస్తారు, అంచు గరుకు తీయరు, ఆ గరుకు రింగుని కోస్తుంది. లోతు గుర్తు పెట్టుకోకుండా నొక్కుతారు, సగంలో ఆగిపోయిందని తెలియదు.

కళాయి_నవసాగరం:
ఒకటి మరిచారు నొక్కితేచాలు గారూ. పాత ఎల్బోని వేడిచేసి ఊడదీసి, ఆ పైపు చివరే షార్క్‌బైట్‌కి ఇద్దామనుకుంటే కుదరదు. పాత టంకం పైపు మీద పొరలా ఉంటుంది. ఆ పొర మీద ఫిట్టింగు ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే రింగు చిరుగుతుంది. టంకం మరక దాటి, నున్నటి రాగి ఉన్నచోట కోయాలి.

టంకం సంగతికొస్తే, ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేది చూసిన వాళ్ళకి వేరే పాఠం అక్కర్లేదు. గిన్నె కాలాలి, నవసాగరం చల్లాలి, తగరం తాకించగానే గుడ్డ వెంట అద్దంలా పరుచుకోవాలి. గిన్నె కాలకపోతే తగరం గోళీల్లా దొర్లిపోతుంది. ఇక్కడా అంతే. నవసాగరం బదులు ఫ్లక్సు. మంట టంకం మీద కాదు, ఎల్బో కప్పు మీద. మంట ఒకవైపు, టంకం తీగ రెండోవైపు. తాకించగానే లోపలికి లాగేసుకుంటే వేడి సరిపోయినట్టు. ముప్పావించి పైపుకి జాయింటుకి ముప్పావించి తీగ చాలు. రెండించీలు కరిగిస్తే మిగతాదంతా పైపు లోపల బొట్లుగా గడ్డకడుతుంది.

నిజాంపేట_బోరు:
అన్నా, మా దగ్గర రాగి పైపులు లేవు, అంతా సీపీవీసీ ప్లాస్టిక్‌వే. గీజర్ ఇన్‌లెట్ కాడ ఇత్తడి వాల్వు ఉంటది, స్విచ్ ఏసిన పది నిమిషాలకు దాని పక్క బొక్కలకెళ్ళి చుక్కలు పడుతున్నయి. 25 లీటర్లది. ప్లంబరేమో ఎంసీల్ ముద్ద పెట్టి ఆ బొక్క మూసేద్దామంటున్నడు. పెట్టియ్యాల్నా?

అటకమీదిపిల్లి:
నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ట్యాంకు మొత్తం దింపాలంటే 190 లీటర్లు.

ముప్పావించి:
జాయింటు ట్యాంకు నెత్తిన ఉంది కదండీ, మొత్తం ఎందుకు? గ్యాసు నాబ్ పైలట్‌కి (చిన్న మంట ఒక్కటే ఉండేలా) తిప్పండి. గేటు వాల్వు మూయండి. ఇంట్లో ఒక వేడినీళ్ళ కుళాయి తెరిచి ఉంచండి, గాలి పోవాలిగా. అడుగున డ్రెయిన్‌కి గొట్టం తగిలించి రెండు మూడు గ్యాలన్లు దింపితే మట్టం నిపుల్ కిందికి పోతుంది. ఆ నీళ్ళు కాలుతాయి, గొట్టం కొస జాగ్రత్త. కరెంటు హీటరు వాళ్ళయితే ముందు బ్రేకరు దించాలి. నీళ్ళు లేకుండా ఎలిమెంటుకి కరెంటు అందితే అంతే సంగతులు.

గేటు వాల్వు పాతదయితే పూర్తిగా మూసుకోదు. సన్నటి ధార వస్తూనే ఉంటుంది. అప్పుడు ఇంటి మెయిన్ మూసి, ఇంకా ఊటలా వస్తుంటే పైపులోకి బ్రెడ్డు కుక్కండి.

పెరుగన్నం:
బ్రెడ్డా? తాగేనీళ్ళ పైపులో?

ముప్పావించి:
తెల్ల బ్రెడ్డు, చుట్టూ గట్టి అంచు తీసేసి. పది నిమిషాలు నీళ్ళని ఆపుతుంది, తర్వాత నానిపోయి కొట్టుకుపోతుంది.

పెరుగన్నం:
కొట్టుకుపోయి ఎక్కడికి పోతుందో కూడా చెప్పండి మరి. కుళాయి మూతిలో జల్లెడ ఉంటుంది, అక్కడ చిక్కుకుంటుంది. షవరు బొక్కలు పూడతాయి. అడిగినాయన పైపు ట్యాంకులోకి దిగేది, అంటే ట్యాంకు లోపల బ్రెడ్డు పులుసు.

ముప్పావించి:
కుక్కేది జాయింటు పైవైపు పైపులో. నీళ్ళు వదిలేటప్పుడు ముందు బాత్ టబ్ కుళాయి తెరవాలి, దానికి జల్లెడ ఉండదు. ఇంత వివరం చెప్పకపోతే అర్థం కాదా?

పెరుగన్నం:
టబ్ కుళాయి ట్యాంకు దాటాక వస్తుంది. ఆ బ్రెడ్డు ముందు ట్యాంకులోంచే పోవాలి. పైపుల పటం గీసి చూసుకోండి గురువుగారూ.

నొక్కితేచాలు:
ఇడ్లీ పెడితే ఇంకా త్వరగా నానుతుందేమో 😄 షార్క్‌బైట్‌కి కాస్త తడి ఉన్నా ఫర్వాలేదు, ఈ గొడవే ఉండదు.

ముప్పావించి:
సరే, ఈ కేసులో బ్రెడ్డు వద్దు. మూసుకోని గేటు వాల్వుని కూడా కోసిపారేసి బాల్ వాల్వు వేస్తే పీడా పోతుంది. కానీ బ్రెడ్డు పనికిరాదన్న మాట మాత్రం ఒప్పుకోను.

కళాయి_నవసాగరం:
వాల్వు అన్నారు కాబట్టి అడుగుతున్నా. పిల్లి గారూ, చుక్క నిజంగా ఎల్బోదేనా? గేటు వాల్వు కాడ (పిడి తిప్పితే తిరిగే కడ్డీ) చుట్టూ ఉండే గ్లాండు నట్టు వదులైతే నీళ్ళు పైపు వెంట జారివచ్చి ఎల్బో అంచున వేలాడతాయి. పొడి టిష్యూ కాగితం కాడ చుట్టూ ఒకటి, ఎల్బో పైన ఒకటి, నిపుల్ మరల దగ్గర ఒకటి చుట్టి పావుగంట ఆగండి. మొదట ఏది తడిస్తే అదే దొంగ.

అటకమీదిపిల్లి:
చుట్టి చూశాను. కాడ పొడి. ఎల్బో కింది కప్పు దగ్గరిదే తడిసింది. నిపుల్ మరల దగ్గర నీళ్ళు లేవు గానీ తుప్పు పొడి ఉంది.

కళాయి_నవసాగరం:
ఆ తుప్పు వదిలేయకండి. ఉక్కు నిపుల్ మీద రాగి అడాప్టరు నేరుగా బిగిస్తే రాగికి ఏమీ కాదు, ఉక్కు తినుకుపోతుంది. మధ్యలో డైఎలెక్ట్రిక్ యూనియన్ (రెండు లోహాలూ తాకకుండా కలిపే, విప్పుకోగల జాయింటు) ఉండాలి. అది వేస్తే మీ పని కూడా తేలికవుతుంది. యూనియన్ దగ్గర విప్పుకుని, వాల్వు దిగువన నున్నటి చోట కోసి, ఎల్బో ముక్క మొత్తం కిందికి తెచ్చుకోండి. గరాజ్‌లో బల్ల మీద టంకం వేయండి. పైపు చివరలు ఎమెరీ గుడ్డతో, కప్పు లోపల వైరు బ్రష్షుతో రుద్ది, గులాబీరంగు రాగి కనిపించాక వేలితో ముట్టుకోకండి, ఫ్లక్సు పలచగా పూయండి. వేసిన వెంటనే తడిగుడ్డతో చల్లార్చకండి, టంకం లోపల పగులుతుంది. యూనియన్‌లో రబ్బరు వాషరు, ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి, అవి తీసి పక్కన పెట్టాకే మంట. నిపుల్‌కి తగిలించాక మాత్రం ఆ దగ్గర్లో మంట వద్దే వద్దు. నిపుల్ లోపల ప్లాస్టిక్ తొడుగు, దాని కింద ట్యాంకు అడుగుదాకా దిగే ప్లాస్టిక్ గొట్టం, రెండూ కరుగుతాయి. తర్వాత చన్నీళ్ళు అడుగుకి చేరవు, రెండు బకెట్లకే వేడినీళ్ళు అయిపోయాయని ఇక్కడ ఇంకో చర్చ మొదలెడతారు.

ఇక అటకలో మిగిలేది వాల్వు కింద ఒకే ఒక్క జాయింటు. అక్కడ లోపల అడ్డుగీత లేని రిపేరు కప్లింగు కావాలి, పైకి జరిపి మళ్ళీ దించుకోవడానికి. అది షార్క్‌బైట్‌దైనా సరే, టంకానిదైనా సరే. టంకమైతే ఫైర్ క్లాత్, ఆర్పేది, ఆఖరి మంట తర్వాత అరగంట అక్కడే కాపలా.

నొక్కితేచాలు:
చివరికి నా మాటకే వచ్చారు.

ముప్పావించి:
ఒక్క జాయింటుకి. మిగతావన్నీ టంకమే.

తెనాలి_టు_టొరాంటో:
ఒక చిన్న సంగతి. యూనియన్, అడాప్టర్లు అక్కడే కొనండి. ఇండియా నుంచి ఇత్తడి ఫిట్టింగులు పెట్టెలో తెచ్చేవాళ్ళున్నారు. మనవి బీఎస్‌పీ మరలు, అమెరికావి ఎన్‌పీటీ. అరించి, ముప్పావించిల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతాయి. మర పంటి కోణం మాత్రం బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. ఎంత టెఫ్లాన్ చుట్టినా చెమ్మ ఆగదు, ఇంకా బిగిస్తే పగులుతుంది.

నిజాంపేట_బోరు:
ఎంసీల్ సంగతి ఎవ్వరు చెప్పలే.

కళాయి_నవసాగరం:
పెట్టనివ్వకు తమ్ముడూ. అది కారడం కాదు, ఊపిరి. 25 లీటర్లు మామూలు నీళ్ళ నుంచి 65 డిగ్రీలకి కాగితే అర లీటరుకి కాస్త తక్కువ ఉబ్బుతాయి. వెనక్కి పోకుండా ఆ వాల్వు ఆపుతుంది, ఎక్కువైన నీళ్ళని ఆ బొక్క వదులుతుంది. అది మూస్తే ఒత్తిడి ట్యాంకు మీద పడుతుంది. స్విచ్ వేసినప్పుడే కారి తర్వాత ఆగితే వాల్వు బాగున్నట్టే, బొక్కకి సన్న గొట్టం తొడిగి బకెట్‌లోకి వదులు. స్విచ్ లేనప్పుడు కూడా కారితే రెండే కారణాలు: బోరు నీళ్ళ సున్నం సీటు మీద పేరుకుంది, లేదా ప్రెషర్ పంపు మరీ ఎక్కువ కొడుతోంది. ముందు వాల్వు మీది చిన్న మీట నాలుగైదుసార్లు ఎత్తి దించు. ఆగకపోతే వాల్వు మార్చు, అది అరించి మరదే.

నిజాంపేట_బోరు:
స్విచ్ ఏసినప్పుడే అన్నా. గొట్టం తొడుగుత. ప్లంబర్‌కు ఏం చెప్పాలె?

పెరుగన్నం:
బ్రెడ్డు పెట్టమను.