శారీరక శ్రమ మార్గదర్శకాలు క్షేత్రస్థాయి సిబ్బందికి ఎలా చేరుతున్నాయి? మీ అనుభవాలు తెలపండి

కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు, వరంగల్:
ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు మనలో చాలామందికి "వారానికి 150 నిమిషాలు" అన్న ఒక్క అంకెగానే తెలుసు. పెద్దలకు మధ్యస్థ శ్రమ అయితే 150 నుంచి 300 నిమిషాలు, తీవ్ర శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు ఉండాలని, కండరాల బలం కోసం వారంలో కనీసం రెండు రోజులు కేటాయించాలని, 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా ఉండేందుకు మూడు రోజులైనా ప్రత్యేక వ్యాయామాలు చేయాలని అందులో ఉంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు సాగాలన్న 2010 నాటి నియమాన్ని అప్పుడే తొలగించారు, కానీ కొన్ని శిక్షణ స్లైడ్లలో అది ఇంకా కనిపిస్తోంది. ఏఎన్ఎంలకు, ఆశాలకు ఈ విషయాలు చెప్పడంలో మీ దగ్గర ఏ పద్ధతి పనిచేసింది?

పీహెచ్‌సీ వైద్యాధికారిణి, నిజామాబాద్ జిల్లా:
సార్, స్లైడ్లు మా దగ్గర పెద్దగా పనిచేయలేదు. ముప్పై ఏళ్లు దాటినవారికి మధుమేహం, రక్తపోటు వంటి జబ్బుల ముప్పు ఎంతో చూసేందుకు ఆశాలు నింపే సీబ్యాక్ ఫారంలో శారీరక శ్రమ గురించిన ప్రశ్న ఎలాగూ ఉంది; వారానికి 150 నిమిషాల కంటే తక్కువైతే ముప్పు లెక్కలో ఒక మార్కు పడుతుంది, లేకపోతే సున్నా. మా గ్రామాల్లో బీడీలు చుట్టే మహిళలు ఒడిలో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ గంటల తరబడి కూర్చున్నచోటే ఉంటారు. అడిగితే "పొద్దుగాల లేచినకాన్నుంచి పనే కదమ్మా" అంటారు, ఆశా సున్నా వేస్తుంది. పొద్దంతా నాట్లు వేసే కూలీ మాత్రం వాకింగ్‌కు పోనని చెప్పి ఒక మార్కు వేయించుకుంటుంది. అందుకే నెలవారీ సమావేశంలో ఈ ఇద్దరి దినచర్యనూ కాగితం మీద రాసి ఇచ్చి, ఆశాల చేతనే మార్కులు వేయించాను. వాళ్లలో వాళ్లకు గట్టి వాదన జరిగింది, మార్గదర్శకం వాళ్లకు అర్థమైంది ఆ వాదనలోనే. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ శ్రమ అన్న గుర్తు కూడా వాళ్లకు వెంటనే పట్టుబడింది.

ఏఎన్ఎం, శ్రీకాకుళం జిల్లా:
మేడమ్ గారూ, గర్భిణుల విషయంలో మాకున్న ఇబ్బంది వేరు. వైద్యపరమైన అభ్యంతరం లేకపోతే వాళ్లకూ వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ మంచిదని మాకు చెప్పారు. అయితే అత్తగారి ఎదుట ఆ మాట అనడానికి ధైర్యం చాలదు, రేపు ఏదైనా జరిగితే ఆ నింద మా మీదే పడుతుంది. మా డాక్టరు గారు పరీక్షించి, ఎవరు నడవవచ్చో, ఎవరు నడవకూడదో తల్లీబిడ్డల కార్డు మీద స్వయంగా రాసి సంతకం చేయడం మొదలుపెట్టాకనే మేం చెప్పగలుగుతున్నాం.

జిల్లా ఎన్‌సీడీ (అసాంక్రమిక వ్యాధుల) విభాగ ఉద్యోగి:
పై అధికారులు అడిగేది ఎన్ని ఫారాలు నింపారన్నదే తప్ప, ఎవరికి ఏం సలహా ఇచ్చారన్నది కాదు. సమీక్షలో ఆ ప్రశ్న రానంతకాలం ఎంత మంచి శిక్షణ ఇచ్చినా అది నెల తిరిగేసరికి మరుగున పడుతుందని నా గట్టి అభిప్రాయం.

కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుడు, వరంగల్:
మేడమ్, ఆ రెండు దినచర్యల కాగితాన్ని ఇక్కడ పెట్టగలరా? మా పీజీ విద్యార్థులు క్షేత్ర శిక్షణకు వెళ్లినప్పుడు వాడుకుంటారు.

పీహెచ్‌సీ వైద్యాధికారిణి, నిజామాబాద్ జిల్లా:
తప్పకుండా పెడతాను సార్. అయితే దాన్ని ఉన్నదున్నట్టుగా వాడవద్దని మనవి. మీ వైపు గ్రామాల్లో మగ్గం నేసేవారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు ఉంటే వాళ్ల దినచర్యను అక్కడి ఆశాల చేతనే రాయించండి.