నెపమా, నేరమా? "అపకారికి నుపకారము" చివరి పాదం

(మాట్లాడేవారిని ఊరి పేర్లతో గుర్తించాం.)

హనుమకొండ: న్యాయ విజ్ఞాన సదస్సులో సమాజ సేవ శిక్ష మీద, అంటే దోషితో జనానికి పనికొచ్చే పని చేయించే శిక్ష మీద, మాట్లాడాలి. సుమతి పద్యంతో మొదలుపెడదామంటే చివరి పాదం దగ్గర ఆగిపోతున్నా. "నెపమెన్నక సేయువాడు" అనా, "నేరమెన్నక" అనా? మా నాన్న నేరమెన్నక అనే చదివేవారు. శిక్ష సంగతి కాబట్టి అదే నప్పుతుందేమో.

జనగామ: నెపమే సార్. ఉప, విప, నప, నెప... నాలుగు పాదాల్లో రెండో అక్షరం "ప"యే, ప్రాస చూడండి. "నేర" అంటే ప్రాస పోయె, గణమూ పోయె. నెపమె నాలుగు మాత్రలు, నేరమె ఐదు. కంద పద్యంలో గణానికి నాలుగు మాత్రలే, దానికి చోటెక్కడిది?

కరీంనగర్: పాఠం సరే, అర్థం మాటేమిటి? పిల్లల పుస్తకాల్లో "తప్పులెంచకుండా" అని రాస్తారు. నాకైతే "సాకు చూసుకోకుండా" అనే తోస్తుంది. ఉపకారం తప్పించుకోవడానికి వంక దొరికినా వాడుకోనివాడే నేర్పరి.

జనగామ: సాకును వెతుకుతాం గానీ ఎన్నం అన్నా. ఎన్నేది తప్పునే. "నెపం నా మీదికి నెట్టకు" అంటాం కదా, అక్కడ సాకు ఎట్లా కుదురుతది?

ములుగు: తప్పు అనే అర్థమైతే ఈ పద్యం సదస్సుకు పనికిరాదు. కోర్టు తప్పు ఎన్నాకే శిక్ష వేస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ శిక్షల వరసలోనే ఉంది. మొదటిసారి దొంగతనం, సొత్తు 5000 రూపాయల లోపు, అదీ తిరిగి ఇచ్చేస్తే, తాగి నలుగురిలో గొడవ చేస్తే, పరువునష్టం... ఇట్లా కొన్నింటికే. కూలి ఇవ్వరు. మన దగ్గర పెద్దవాళ్లకు ఆ మాట వింటే వెట్టి గుర్తొస్తుంది. దొర వెట్టికి విచారణ లేదు, తీర్పు లేదు, గడువు లేదు. ఆ తేడా గట్టిగా చెప్పండి.

పరకాల: పోతన చాటువు, ఆయన పేరిట నోటి మీద నిలిచిన విడి పద్యం, ఎందుకు ఎత్తుకోరు? "గహనాంతరసీమల కందమూల గౌద్దాలికులైననేమి నిజదారసుతోదర పోషణార్థమై." ఆలుబిడ్డల కడుపు నింపడానికి అడవిలో దుంపలు తవ్వుకున్నా తప్పేంటని. రోజు కూలీని జైల్లో పెడితే ఆలుబిడ్డల కడుపు మాడుతుంది. కూలి లేని పనికి పిలిచినా ఆ పూట కూలి పోతుంది. ఏ పని, ఎన్ని గంటలు అన్నది సంహితలో లేదు, కోర్టుకే వదిలారు. అందుకే కూలికి పోయే పొద్దు తప్పించి పని చెప్పాలని సదస్సులో అడగండి సార్.

జనగామ: మంచి మాట మేడం. కానీ అది "కౌద్దాలికులు". సంస్కృత సమాసం మధ్య కకారం గకారం ఎట్లా అవుతది?

పరకాల: మా ఇంట్లో అందరూ గకారంతోనే చదివేవారు. కందమూల తర్వాత నోటికి సాఫీగా వచ్చేది అదే.

జనగామ: నోరు తిరగడం వేరు, వ్యాకరణం వేరు. అక్కడ అక్షరమైత్రి కుదరాల్సిన యతిస్థానం కూడా కాదు, గకారమే కావాలనడానికి.

కరీంనగర్: చాటువులు నోటి మీదే బతికినవి. రెండూ ఉండనీయండి. గడ్డపార పట్టి దుంపలు తవ్వుకునైనా బతుకుతా గానీ కావ్యాన్ని అమ్ముకోనన్న ఆ పౌరుషం ముందు ఒక్క అక్షరం ఎంత?

జనగామ: ఆ పౌరుషం మీద గౌరవంతోనే అన్నా, అక్షరం సరిగ్గా ఉండాలంటున్నది.

హనుమకొండ: నెపమెన్నక అనే చదువుతా. అర్థం తప్పు అని చెప్పాలా, సాకు అని చెప్పాలా?

కరీంనగర్: సాకు.

జనగామ: తప్పు. నిఘంటువు తీసి రాత్రికి రాస్తా.