కాకి గ్రాసమా, కాకి గాసమా?

గంటస్తంభం (విజయనగరం): అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాపతి గ్రాంట్ మాట ఒకటి, 1864 జూలైలో వాషింగ్టన్‌లో ఉన్న జనరల్ హాలెక్‌కి రాసినది, ఎప్పుడో తెలుగులో చదివింది నాలిక మీద ఆడుతోంది. శత్రువుల వర్జీనియాను ఎంత ఊడ్చిపెట్టాలంటే 'దాని మీదుగా ఎగిరే కాకులు తమ గ్రాసం తామే మోసుకుపోవాలి' అని. గ్రాసమేనా, గాసమా? చెవిలో మాత్రం గాసమనే ఉంది.

నాగావళి: గ్రాసమే. ఇంగ్లీషు మూలంలో ఉన్నది పశువుల మేతకి వాడే మాట. అదే ఏడాది నవంబరు 9న గ్రాంట్ కింది సేనాని షెర్మన్ ఇచ్చిన 120వ ఉత్తర్వులో బళ్లలో కనీసం 10 రోజుల తిండి, 3 రోజుల మేత ఎప్పుడూ ఉంచుకోమంటాడు. తిండి సిపాయిలకి, మేత గుర్రాలకీ కంచరగాడిదలకీ. కాకికి మేత అనడంలోనే ఉంది వెటకారమంతా.

కల్లంగట్టు (ఆమదాలవలస): మరి 'గ్రాసవాసాలు' ఎవరివి నాగావళిగారూ, గుర్రాలవా? గ్రాసమంటే ముద్ద. గడ్డి అనే అర్థం ఘాసానిది. మన గాసం ఘాసం నుంచి దిగిందా, గ్రాసంలో క్రావడి (ర వత్తు) రాలి వచ్చిందా, అది తేలాక కాకి సంగతి.

గంటస్తంభం: పశుగ్రాసం అని రోజూ పేపర్లో చూస్తూ ముద్ద అంటారేంటి మేష్టారూ!

కల్లంగట్టు: ఇలా ఊడ్చిపెట్టే యుద్ధానికి పేపర్లో 'దగ్ధభూమి' అని కూడా చూస్తాం. వర్జీనియాలోని షెనాండోవా లోయలో కాలింది భూమా? అక్కడ నాశనం చేసినవాటికి గ్రాంట్ సేనాని షెరిడన్ 1864 అక్టోబరు 7న ఇచ్చిన లెక్క చూడండి: గోధుమలు, గడ్డి, సేద్యపు సామాను నిండిన సాలలు 2,000 పైన, పిండీ గోధుమలూ ఉన్న మిల్లులు 70 పైన. అప్పటికి కోతలైపోయి పంటంతా సాలల్లో చేరింది. కోసిన చేనుకి నిప్పు పెడితే మిగిలేది కొయ్యకాళ్ల బూడిదే. సాల కాలితే తిండి, విత్తనం, నాగలి ఒక్క రాత్రిలో పోతాయి. మిల్లు ఎందుకంటే, గింజ ఎక్కడైనా దాచినా విసరకపోతే దండుకి రొట్టె లేదు. దీనికి మన మాట 'బుగ్గి చెయ్యడం'.

వేగవతి (బొబ్బిలి): బుగ్గి బాగుంది గానీ, అసలు దగ్ధభూమి అంటే వెనక్కి తగ్గేవాడు తన నేలనే తగలబెట్టుకోవడం, 1812లో రష్యావాళ్లలా. షెరిడన్ ఎదుటివాడి ఊరు కాల్చాడు. పైగా అదే లెక్కలో 4,000 పైగా పశువుల్ని తోలుకొచ్చామనీ, 3,000కి తక్కువ కాకుండా గొర్రెల్ని కోసి దళాలకి పంచామనీ ఉంది. అది దహనం కాదు, గోగ్రహణం. తిక్కన విరాటపర్వం తియ్యండి. సుశర్మ దక్షిణాన ఆవుల్ని పట్టి విరటుణ్ణి అటు లాగుతాడు, మర్నాడు కౌరవులు ఉత్తరాన. అదీ అన్నదమ్ముల తగవే. మందని పడితే రాజు బయటికి రాక తప్పదని ఆ ఎత్తు.

నాగావళి: తిక్కన అనగానే మీరు ఊరు దాటిపోతారు. ఆ ఆవులు తిరిగొచ్చాయి, గొర్రెలు రాలేదు. శత్రువు రైలుపట్టాలు కూడా అంతే, తిరిగి రాకూడదు. 1864 జూలై ఉత్తర్వులో షెర్మన్ ఆ తేడా విప్పి చెప్పాడు: వంచిన పట్టా మళ్లీ పనికొస్తుంది, ఎర్రగా కాలినప్పుడు మెలితిప్పింది పనికిరాదు. పట్టాల కింది దుంగలే పేర్చి అంటించడం, పట్టా నడుమ మంట మీద ఉండేలా పెట్టడం, కొసలు పట్టి తిప్పడం. షెర్మన్ ఇంజనీరు ఓర్లాండో పో ఇందుకో కొక్కెం చేయించాడు. హడావుడిగా చెట్టుకి చుట్టి వదిలేస్తే అది వంపే, కాల్చి సాగదీసుకోవచ్చు. 'వంచి' అని అనువదించినవాళ్లు పనంతా చెడగొట్టారు.

వేగవతి: ఒప్పుకున్నాం. అయితే గంటస్తంభంగారి వాక్యంలోనే ఒక ముక్క జారింది. 'ఆ కారు (పంటకాలం) మిగిలినన్నాళ్లూ' అని ఉండాలి. గ్రాంట్ అన్నది ఎల్లకాలం గురించి కాదు, ఆ ఒక్క కారుకే.

కల్లంగట్టు: దానికి ముందు ముక్కా జారింది, 'వర్జీనియాను శుభ్రంగా తినేసి' అని. తినడం గ్రసించడమే కదా, పంచాంగంలో రాహుగ్రస్తం లాగ. దండు గ్రసిస్తే కాకికి గ్రాసం లేదు. ఆ జోడు కోసమే క్రావడి ఉంచారంటాను.

గంటస్తంభం: జోడు ముచ్చటగానే ఉంది. కానీ 'గ్రాసం తామే' అని పైకి చదివితే నోరు పట్టేస్తోంది. 'గాసం తామే' అనండి, కాకి ఎగురుతుంది.

నాగావళి: ఘాసమైతే ఎగరదు, మేస్తుంది.