పిఎస్‌డి-95 ప్రోటీన్ పక్క సినాప్స్‌కి (రెండు నరకణాలు కలిసే చోటికి) వెళ్తోందా లేదా? తేలట్లేదు

బరంపురం స్కాలర్:
పొద్దుట్నుంచీ మైక్రోస్కోపు దగ్గరే ఉన్నాను, ఏటో అంతుపట్టట్లేదు. పిఎస్‌డి-95కి వెలిగే ట్యాగు తగిలించాను. ఒక స్పైన్ (డెండ్రైట్ అనే నరకణం కొమ్మ మీద సినాప్స్ ఉండే బొడిపె) మీద ట్యాగుని వెలిగించే 405 లేజర్ కొడితే పక్క రెండూ వెలుగుతున్నాయి, కాసేపటికి అన్నీ కలిసి మసకబారుతున్నాయి. సెట్టింగులన్నీ మామూలే. రేపు గైడు గారికి చూపించాలి, ఎవరైనా చెప్పండి.

గుణుపురం:
మామూలే అంటే? ఏ ట్యాగు? ఎన్ని సెకన్లకో ఫ్రేము?

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, ముందు ట్యాగు జీన్ మోసే ప్లాస్మిడ్ డీఎన్ఏ ఎంత పోశావు? జీన్‌ని గట్టిగా నడిపే సీఎంవీ ప్రమోటర్‌తో వారం ఉంచితే సినాప్స్‌లో అతుక్కునే చోట్లన్నీ నిండిపోతాయి. మిగిలిన ప్రోటీన్ డెండ్రైట్‌లో తిరుగుతుంది, నువ్వు ఫొటో తీసేది దాన్నే. పైగా పిఎస్‌డి-95 ఎక్కువైతే సినాప్స్ సైజే మారుతుంది. క్రిస్పర్‌తో (జీన్‌ని కత్తిరించి మార్చే పద్ధతి) కణం సొంత జీన్‌కే ట్యాగు తగిలించు. అది కుదరకపోతే డీఎన్ఏ తగ్గించి రెండ్రోజుల్లోనే ఇమేజింగ్ చెయ్యి.

బరంపురం స్కాలర్:
పిఎ-జిఎఫ్‌పి, 405 కొట్టాకే వెలిగే ట్యాగు. 10 సెకన్లకో ఫ్రేము. ప్లాస్మిడ్ సంగతి తర్వాత చూస్తాను మాస్టారూ.

గుణుపురం:
పక్కవి మొదటి ఫ్రేములోనే వెలిగాయా?

బరంపురం స్కాలర్:
అవును.

గుణుపురం:
అయితే అక్కడికి చేరింది ప్రోటీన్ కాదు, నీ 405 వెలుగే. స్పైన్లు ఒకటి రెండు మైక్రాన్ల దూరంలోనే ఉంటాయి, ఫోకస్‌కి పైనా కిందా లేజర్ వెడల్పవుతుంది. పవర్ బాగా తగ్గించి చిన్న పల్సులు కొట్టు, విడిగా ఉన్న స్పైన్‌నే ఎంచుకో. వెలిగించకముందు పిఎ-జిఎఫ్‌పి కనిపించదు కాబట్టి స్పైన్లు కనపడేలా ఎర్రగా వెలిగే టీడీటొమాటో కూడా పెట్టు. పిఎస్‌డి-95 మారడానికి పదుల నిమిషాలు పడుతుంది, 10 సెకన్లకో ఫ్రేము తీస్తే ఫొటో తీసే 488 లేజరే ట్యాగుని బ్లీచ్ చేసేస్తుంది, అంటే వెలుగు పోగొట్టేస్తుంది. 5 నిమిషాలకొకటి చాలు. ఫిక్స్ చేసిన (ప్రోటీన్లు కదలకుండా రసాయనంతో బిగించిన) కణాల కవర్‌స్లిప్ మీద ఇదంతా మళ్లీ చెయ్యి. అందులోనూ పక్కవి వెలిగితే, మసకబారితే, తప్పు లేజర్‌దే.

రాయగడ:
పక్కదాంట్లో కనిపించినంత మాత్రాన మార్పిడి అనకండి. ప్రోటీన్ విడిపోయి డెండ్రైట్‌లోకి వస్తుంది, దారిలో ఏ సినాప్స్ పట్టుకుంటే అక్కడ ఆగుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
ఏ దారిన పోతేనేం, ఒకటి వదిలింది ఇంకోటి పట్టుకుంటే అది మార్పిడే కదా? పోయేదీ వచ్చేదీ సమానం కాబట్టే సినాప్స్ అలా నిలబడి ఉంటుంది.

రాయగడ:
కొత్తగా తయారైంది వచ్చిందో, పక్కది వచ్చిందో ఎలా తేలుస్తారు మరి? ఎప్పుడూ వెలిగే మామూలు జిఎఫ్‌పి పెట్టి ఒక్క స్పైన్‌నే బ్లీచ్ చేసి చూడండి. ఇంకో డెండ్రైట్‌లో పొడుగాటి ముక్క మొత్తం బ్లీచ్ చేయండి. ముక్క మధ్యలో వెలుగు ఆ ఒక్క స్పైన్‌లో కన్నా ఆలస్యంగా తిరిగొస్తే ఇరుగుపొరుగే సరఫరా చేస్తున్నట్టు. ప్రోటీన్ తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ వేసినా ఆ వేగం తగ్గకపోతే కొత్త తయారీ కాదు.

గుణుపురం:
మీరిద్దరూ వేరే పోస్టు పెట్టుకోండి.

బరంపురం స్కాలర్:
ఫిక్స్ చేసినవాటిలోనూ పక్కవి వెలిగాయి. పవర్ తగ్గించాను. థాంక్సన్నా. కానీ పావుగంటకే ఫోకస్ జారిపోతోంది.

రాయగడ:
ఏసీ గాలి స్టేజీకి తగుల్తోందేమో చూడు. ఛాంబర్ 37 డిగ్రీలకి పెట్టాక గంటైనా ఆగావా?