బీరువా నిండా చీరలే, కట్టేవి మాత్రం ఆ పదే

ప్రశ్న: 60 చీరల దాకా ఉన్నాయి. ఆఫీసుకి తిప్పితిప్పి కట్టేవి 10. ఏవి తీసేయాలి?

జవాబు: ముందు చీరల జోలికి వెళ్లకండి, జాకెట్లు బయటికి తీయండి. చాలా చీరలు మూలన పడేది జాకెట్టు పట్టకే. తిరగేసి పక్క కుట్టు చూడండి. లోపల అంగుళం గుడ్డ వదిలి ఉంటే విప్పి లూజు చేయించుకోవచ్చు. లేదంటే పోవాల్సింది జాకెట్టు, చీర కాదు. నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ, కలంకారీ, ఈ నాలుగు కాటన్ జాకెట్లుంటే మంగళగిరి, నారాయణపేట నేత చీరల్లో చాలావాటికి సరిపోతాయి. గుడ్డ నానబెట్టి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి, లేకుంటే మొదటి ఉతుకుకే బిగుస్తుంది.

జవాబు: లంగాలూ అంతే, నాలుగు రంగులు చాలు.

జవాబు: పట్టుచీరలు తొందరపడి ఎవరికీ ఇచ్చేయకండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది, ఉతికిన పాత పంచెలో చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే చిరిగేది సరిగ్గా మడత దగ్గరే. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు: ఫాల్ ముడుచుకుపోయినవి?

జవాబు: అవి పారేయక్కర్లేదండీ. ఫాల్ విప్పి, తడిపి ఆరేసిన కొత్తది కుట్టించండి.